న్యూజిలాండ్ సెట్లర్ కాటేజీలు: చదవడం ఎలా, నిలబెట్టడం ఎలా

రెండు గదులు, మధ్యలో తలుపు, తలుపుకు చెరోపక్క ఒక్కో కిటికీ, వెనకవైపు దించుకున్న వసారా, ఒక పొగగొట్టం. 1840ల నుంచి 1870ల దాకా న్యూజిలాండ్‌కు వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళు చాలావరకు ఇంతే. సెట్లర్ కాటేజీలు అని వీటికి పేరు. చిన్నవి కాబట్టి చూడ్డానికి వచ్చినవాళ్ళు బాగుందనుకుని ఐదు నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. గోడ దగ్గర నిలబడి ఓపిగ్గా చూస్తే మాత్రం ఏ అడవి చెక్క, ఏ రంపం కోసింది, ఏ మేకు పట్టింది, గది ఎప్పుడు పెరిగింది అన్నీ కనిపిస్తాయి. ఇన్నేళ్ళు వానకూ గాలికీ తట్టుకున్న ఇల్లు, బాగు చేద్దామని పూసిన సిమెంటుకూ, సందులు మూసిన సిలికాన్‌కూ పదేళ్ళలో పాడైపోవడం కూడా కనిపిస్తుంది. తడి లోపలికి వచ్చినా మళ్ళీ బయటికి పోయే దారి ఉండేలా కట్టిన ఇళ్ళివి. ఆ దారి మూసేస్తే ఇక ఎంత ఖర్చు పెట్టినా దండగే.

ముందు కొన్ని తేదీలు. న్యూజిలాండ్ కంపెనీ తెచ్చిన మొదటి వలస ఓడ 1840 జనవరిలో వెల్లింగ్టన్ రేవు చేరింది. అక్కడి మూలవాసులైన మావోరీల నాయకులకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య వైతాంగి ఒప్పందం అదే ఏడాది ఫిబ్రవరి 6న జరిగింది. ఆగస్టులో ఫ్రెంచ్ కుటుంబాలు అకరోవాలో దిగాయి. 1841లో ఇంగ్లండ్ నైరుతి జిల్లాలవాళ్ళు న్యూ ప్లిమత్‌కు, 1842లో మరికొందరు నెల్సన్‌కు, 1848లో స్కాట్లండ్‌వాళ్ళు ఒటాగోకు, 1850 డిసెంబరులో కాంటర్‌బరీ వలసదారులు లిటిల్టన్ రేవుకు వచ్చారు. ఎక్కణ్ణుంచి వచ్చారో, దిగిన చోట ఏం దొరికిందో ఆ రెండూ కలిసి ఇంటి రూపాన్ని తేల్చాయి.

వీళ్ళు దిగింది ఖాళీ నేల మీద కాదు. ఆ భూమి మావోరీలది. కంపెనీ 1839లో కొన్నానని చెప్పుకున్న వెల్లింగ్టన్ భూముల లావాదేవీలు ఎంత గందరగోళమో, 1842 నుంచి విలియం స్పెయిన్ అనే కమిషనర్ జరిపిన విచారణలోనే బయటపడింది. వలసదారులు మొదట తలదాచుకున్న గుడిసెలు చాలావరకు మావోరీలు కట్టిచ్చినవే. కర్ర చట్రానికి రౌపో అనే జమ్ము కట్టలు కట్టి, పైన గడ్డి కప్పేవాళ్ళు. చలికి వెచ్చగా, వేసవిలో చల్లగా ఉండేవి. నిప్పురవ్వ పడితే మాత్రం నిమిషాల్లో బూడిద. అందుకే 1842లో రౌపో ఇళ్ళ మీద ఒక శాసనం తెచ్చి, పట్టణాల్లో అలాంటి ఇంటికి ఏడాదికి 20 పౌండ్ల పన్ను వేశారు. కాటేజీ చరిత్రను చెక్క గోడతో మొదలుపెట్టి ఈ అధ్యాయాన్ని వదిలేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. అది సరి కాదు.

గుడిసె తర్వాత వచ్చింది చెక్క ఇల్లు. ఉత్తరాన కౌరీ, మిగతా చోట్ల రిము, మతాయి, తోతారా, కహికతేయ. ఈ చెట్ల పేర్లు గుర్తుంటే సగం పని అయినట్టే, ఎందుకంటే ఏ చెక్క ఎక్కడ వాడారన్నదాన్ని బట్టే ఇల్లు నిలబడింది, లేదా కూలింది. తోతారా చేవ నేలలో పాతినా దశాబ్దాల పాటు చీకదు. అందుకే పునాది దిమ్మలకు, కంచె గుంజలకు అది. ఉత్తరాన పూరిరి కూడా అంతే గట్టిది. మతాయి, రిము చేవ చట్రానికి, నేల చెక్కలకు పనికొస్తాయి. కహికతేయ తెల్లగా, నిటారుగా, కోతకు మెత్తగా ఉంటుంది, చవకగా దొరికేది. పుచ్చు పురుగుకు మాత్రం అంతకన్నా ఇష్టమైన భోజనం లేదు. వెనక వసారా నేల కాలు వేస్తే కుంగుతోందంటే అది కహికతేయ అయి ఉండే అవకాశమే ఎక్కువ.

క్రైస్ట్‌చర్చ్‌లో రికర్టన్ అడవి పక్కనున్న డీన్స్ కాటేజీని 1843లో కట్టారు. కాంటర్‌బరీ మైదానాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో అన్నిటికన్నా పాతది అదే. పక్క అడవిలో కొట్టిన చెట్లే గోడలయ్యాయి. వెల్లింగ్టన్‌లో నైర్న్ వీధి కాటేజీ 1858 నాటిది. విలియం వాలిస్ అనే వడ్రంగి తన కుటుంబం కోసం కట్టుకున్నాడు. ఇప్పుడది మ్యూజియం. వడ్రంగి సొంతానికి కట్టుకున్న ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

భూకంపాలు నేర్పిన చెక్కపని

వెల్లింగ్టన్‌లో మొదట్లో స్తోమత ఉన్నవాళ్ళు ఇటుకతోనే కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో ఇటుక ఇల్లంటే హోదా. 1848 అక్టోబరులో మార్ల్‌బరో వైపు వచ్చిన భూకంపానికి ఆ ఇటుక గోడలు, మట్టి గోడలు పగిలి కూలాయి. 1855 జనవరి 23 రాత్రి వైరారప భూకంపం వచ్చింది. తీవ్రత సుమారు 8.2. ఊళ్ళో పొగగొట్టాలు దాదాపు అన్నీ నేలకూలాయి, చెక్క ఇళ్ళు మాత్రం ఊగి నిలబడ్డాయి. ఆ తర్వాత వెల్లింగ్టన్‌లో చెక్కే రాజు. 1876లో పూర్తయిన ప్రభుత్వ కార్యాలయ భవనం కూడా చెక్కదే. దూరం నుంచి రాయిలా కనిపించేలా చెక్కారు.

చెక్క ఇల్లు ఎందుకు నిలబడింది? బరువు తక్కువ కావడం ఒక కారణం. కీళ్ళు కాస్త కదలడం రెండోది. మేకులు వంగుతాయి కానీ ఊడిరావు. 100 × 50 మి.మీ. నిలువు పట్టెలు సుమారు 450 మి.మీ. దూరంలో నిలబెట్టి, మూలల్లో ఏటవాలు కర్రలు దిగేసి, బయట అడ్డంగా వెదర్‌బోర్డులు, అంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కే గోడ చెక్కలు, కొడితే అదొక పెట్టెలా పనిచేస్తుంది. అంతకు ముందు కట్టిన ఇళ్ళలో చట్రం ఇంకా లావుగా ఉంటుంది. ఒక దుంగకు బెజ్జం తొలిచి, రెండోదాని కొనను చెక్కి అందులో దిగ్గొట్టేవాళ్ళు. ఆవిరి రంపపు మిల్లులు, చవక మేకులు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. అందుకే గోడ లోపలి కీలు ఎలా ఉందో చూసి ఇల్లు ఏ కాలానిదో చాలావరకు చెప్పొచ్చు.

అడవికి దూరంగా ఉన్న చోట్ల కథ వేరు. నెల్సన్, మార్ల్‌బరో, కాంటర్‌బరీ, ఒటాగోలలో మట్టి ఇళ్ళు చాలా లేచాయి. సెంట్రల్ ఒటాగోలో చెట్టన్నదే అరుదు, అక్కడ పచ్చిక గడ్డలు పేర్చీ, పలకరాయి పేర్చీ కట్టుకున్నారు. 1861 బంగారం వేట తర్వాత వచ్చిన గని కూలీల ఇళ్ళు, 1860ల చివరి నుంచి వచ్చిన చైనా గని కార్మికుల చిన్న గుడిసెలు కూడా ఈ వలస కట్టడాల్లో భాగమే. ఆరోటౌన్‌లో వాటిని చూడొచ్చు. చాలామంది వాటిని కాటేజీల లెక్కలో వేయరు. వేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

పైకప్పు, వెనక వసారా

కాటేజీ ఎలా పెరిగిందో పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. ముందు భాగం కప్పు నిట్రంగా, దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. కారణం చెక్క పెంకులు. తోతారానో, కౌరీనో, మతాయినో గొడ్డలితో నిలువునా చీల్చి, సుమారు 400 మి.మీ. పొడవు పెంకులు చేసి, ఒక్కోదాన్ని మూడో వంతు మాత్రమే బయటికి కనిపించేలా వరసలుగా కొట్టేవాళ్ళు. అంటే ఎక్కడ చూసినా మూడు పొరల మందం ఉంటుంది. వాలు తగ్గితే నీళ్ళు పెంకుల మధ్య ఆగి చీకిపోతాయి. ఆ నిటారు కప్పు కింద అటక గది దక్కింది, పిల్లలు అక్కడే పడుకునేవాళ్ళు. నిచ్చెన లాంటి మెట్లు, గోడ త్రికోణంలో చిన్న కిటికీ.

జింకు రేకు వచ్చాక లెక్క మారింది. 1860ల నాటికి ఓడల్లో కట్టలు కట్టలుగా దిగుమతి అయ్యేది. రేకుకు అంత వాలు అక్కర్లేదు, అందుకే వెనక వసారా కప్పు, ముందు వరండా కప్పు చదునుగా దిగాయి. వంట వెనక్కి వెళ్ళింది, ముందు గదుల్లో ఒకటి హాలు అయింది. తర్వాత వచ్చిన ఇళ్ళలో మధ్య నడవ, నాలుగు గదులు, 1870ల నుంచి గోడ దాటి ముందుకు పొడుచుకొచ్చే బే కిటికీల పెద్ద ఇళ్ళు.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూడాలి. పాత చెక్క పెంకులు పీకడం దండగని చాలా ఇళ్ళలో రేకును వాటి మీదే కొట్టేశారు. అటకలోకి ఎక్కి టార్చి వేసి పైకి చూస్తే, సన్నని అడ్డ పట్టీల మీద నల్లబడ్డ పెంకుల అడుగు భాగం వరసగా కనిపిస్తుంది. మధ్యమధ్య మేకుల మొనలు, కొన్నిచోట్ల వెలుతురు చుక్కలు. రేకు మార్చే పని మొదలైతే ఆ పెంకులన్నీ చెత్తబండి ఎక్కుతాయి. దయచేసి ఎక్కనివ్వకండి. రేకు తీసి, పెంకులను అలాగే ఉంచి, మీద కొత్త పట్టీలు కొట్టి రేకు వేయొచ్చు. తప్పనిసరిగా తీయాల్సి వస్తే కనీసం ఒక చదరపు మీటరు ముక్కను ఉన్నచోటే వదలాలి. తీసిన పాత రేకు అడుగు కూడా చూడాలి. తయారీదారు ముద్ర దొరికితే కప్పు కాలం తేలుతుంది.

వంటింటి పొయ్యి కూడా కాలం చెబుతుంది. మొదట్లో పెద్ద తెరిచిన పొయ్యి, గొలుసుకు వేలాడే ఇనప కుండ. 1873లో డునెడిన్‌లో హెన్రీ షాక్‌లాక్ స్థానిక బొగ్గుకు సరిపడే ఓరియన్ రేంజి అనే ఇనప పొయ్యి తయారు చేశాడు. తెరిచిన పొయ్యి గూటిని ఇటుకతో ఇరుకు చేసి, అందులో ఈ ఇనప పొయ్యిని కూర్చోబెట్టిన గుర్తులు చాలా కాటేజీల్లో ఉంటాయి. కొత్త ఇటుక, పాత ఇటుక కలిసే నిలువు గీత వెతకండి.

మేకు, రంపం, గోనె గుడ్డ

ఇంటి వయసు తేల్చడానికి ఒక్క ఆధారం మీద ఆనకూడదు. చెక్కను మరో పాత ఇంటి నుంచి తెచ్చి వాడడం అప్పట్లో మామూలే. మూడు నాలుగు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

రంపపు గీతలు మొదటివి. గుంట తవ్వి, దుంగను పైన పెట్టి, ఒకడు పైన ఒకడు కింద నిలబడి లాగిన రంపం వదిలే గీతలు తిన్నగా ఉంటాయి, కానీ ఒకదానికొకటి సమాన దూరంలో ఉండవు, వాలు కూడా మారుతుంది. కోతగాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట గీత లోతుగా పడుతుంది. పైకీ కిందికీ ఆడే మిల్లు రంపానిది తిన్నటి, సమానమైన గీత. గుండ్రటి రంపానిది విల్లులా వంగిన గీత. ఇవి చూడాలంటే దీపాన్ని ఎదురుగా పట్టకూడదు. చెక్కకు పక్కగా, దాదాపు ఆనించి పట్టాలి.

మేకులు రెండోది. కమ్మరి కొట్టిన మేకు నాలుగు వైపులా సన్నబడుతూ వస్తుంది, తల మీద సుత్తి దెబ్బల పలకలు ఉంటాయి. రేకు నుంచి కత్తిరించిన మేకు రెండు వైపులే సన్నబడుతుంది, మొన మొద్దుగా ఉంటుంది. గుండ్రటి తీగ మేకులు ఎక్కువగా 1880ల చివరి నుంచి. తీగ మేకు కనిపించినంత మాత్రాన ఇల్లు కొత్తదని కాదు, ఆ చెక్క ఒక్కటే తర్వాత మార్చి ఉండొచ్చు.

గోడ లోపలి ముఖం మూడోది, ఎక్కువగా పోగొట్టుకునేది కూడా ఇదే. పట్టెల మీద నున్నన చేయని చెక్కలు కొట్టి, వాటి మీద గోనె గుడ్డ లాగి చిన్న మేకులతో బిగించి, దాని మీద కాగితం అంటించేవాళ్ళు. గాలి రాకుండా చెక్క సందుల మీద వార్తాపత్రికలు అంటించిన ఇళ్ళున్నాయి. ఆ పత్రిక మీద తేదీ ఉంటుంది! ఆ కాగితం అంటించింది ఆ తేదీ తర్వాతే అని తేల్చి చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి. గోనె గుడ్డకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, కాబట్టి తీసేయమని సలహా ఇస్తారు. ఆ భయం నిజమైనదే. తీయక తప్పకపోతే ముందు ప్రతి గదిలో, తలుపు వెనకలాంటి మరుగు చోట 100 × 100 మి.మీ. ముక్కను అన్ని పొరలతో సహా కోసి కవరులో పెట్టి, ఏ గది, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు అని రాయాలి. కొన్ని ఇళ్ళలో పదికి పైగా కాగితం పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కింద పొర రంగు ఇప్పటికీ వెలవెలబోకుండా ఉంటుంది.

పాత రంగు గీకే ముందు ఒక హెచ్చరిక. 1980లకు ముందు వేసిన ఏ రంగులోనైనా సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా రుద్దడం, మంట పెట్టి కాల్చడం రెండూ వద్దు. తడిపి రుద్దాలి, సన్న దుమ్మును ఆపే పీ2 మాస్కు పెట్టుకోవాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి రాలిన ప్రతి పెచ్చూ ఎత్తాలి. నేలలో కలిసిన సీసం అక్కడే ఉండిపోతుంది.

వెదర్‌బోర్డులు, నేల కింద గాలి

వెదర్‌బోర్డు చీకేది ఎక్కువగా కింది రెండు వరసల్లో, కిటికీ గడప కొనల కింద, చూరు గొట్టం కారే మూలల్లో. మొద్దు స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిస్తే తెలిసిపోతుంది. గట్టి చెక్కలో 1-2 మి.మీ. కూడా దిగదు. మొత్తం చెక్క మార్చాల్సిన పని చాలా అరుదు. చీకిన భాగాన్ని నిలువు పట్టె మీద ఆగేలా కోసి, కోతను 45 డిగ్రీల వాలులో, నీరు బయటికి జారేలా పెట్టి, అదే మందం, అదే జాతి పాత చెక్క ముక్క అతకాలి. కోసిన కొనలకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) పట్టించకుండా అతికితే మళ్ళీ అక్కడే చీకుతుంది, ఎందుకంటే కొన నుంచి చెక్క నీళ్ళు తాగుతుంది. మేకు ఎక్కడ కొట్టాలన్నదే అసలు కిటుకు. పై చెక్క కింది చెక్క మీదికి సుమారు 32 మి.మీ. ఎక్కుతుంది. మేకు ఆ ఎక్కిన భాగానికి కాస్త పైగా దిగాలి, కింది చెక్కలోకి దిగకూడదు. రెండిటినీ కలిపి కొడితే, వేసవిలో కుదించుకుని వానాకాలంలో ఉబ్బే చెక్కకు కదిలే చోటు లేక నిలువునా చీలుతుంది.

ఒక చెక్క మీద ఇంకొకటి ఎక్కిన ఆ అడుగు సందును ఎప్పుడూ మూయకూడదు. గాలి వాన లోపలికి తోసిన కాసిన్ని నీళ్ళు కిందికి జారి పోయేది ఆ సందు లోంచే. అక్కడ సిలికాన్ గీత లాగడం ఈ ఇళ్ళకు చేసే చెరుపుల్లో అన్నిటికన్నా మామూలైనది. గోడ బయటికి శుభ్రంగా కనిపిస్తుంది, లోపల పట్టె అడుగు నల్లబడి మెత్తబడుతుంది.

నేల కింద ఇంకో చోటు. వందేళ్ళ తోటపనిలో మట్టి, ఎండుటాకులు పోగై నేల మట్టం పెరుగుతుంది. ఒకప్పుడు అడుగు దూలం కింద గాలి ఆడిన సందు ఇప్పుడు పూలపాదు కింద ఉంటుంది. మందులూ చట్రాల మార్పిడీ ఆలోచించే ముందు గోడ చుట్టూ మట్టి తీసి సందు తెరవాలి. న్యూజిలాండ్ చెక్క ఇళ్ళ ప్రమాణం ఎన్‌జెడ్‌ఎస్ 3604 ప్రకారం ఒక చదరపు మీటరు నేలకు 3,500 చదరపు మి.మీ. గాలి సందు కావాలి. 60 చదరపు మీటర్ల కాటేజీకి 2,10,000 చదరపు మి.మీ. అన్నమాట. కొలిచి చూస్తే చాలా ఇళ్ళలో అందులో సగం కూడా ఉండదు. సందులు నాలుగు వైపులా ఉండాలి, ఒకే వైపు ఎన్ని పెట్టినా గాలి ఆడదు. నేల ఇంకా తడిగా ఉంటే కింద మట్టి మీద పాలిథిన్ పట్టా పరిస్తే ఆవిరి పైకి రాదు.

పుచ్చు పురుగు కూడా ఈ తడి మీదే బతుకుతుంది. చెక్కలో 1-2 మి.మీ. గుండ్రటి రంధ్రాలు కనిపించగానే కంగారు పడక్కర్లేదు, అవి యాభై ఏళ్ళ కిందటివి కావచ్చు. అక్టోబరులో ఒక చదరపు అడుగు మేర రంధ్రాలను పల్చటి కాగితం అంటించి మూసి, మార్చిలో చూడాలి. పురుగు వేసవిలో, అంటే అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, బయటికి వస్తుంది. కాగితానికి కొత్త చిల్లులు పడితే పురుగు బతికే ఉంది. మందు పైపైనే దిగుతుంది. నేలను ఆరబెడితే పురుగుకు తిండి చేదవుతుంది.

కుంగిన మూలను జాకీతో లేపేటప్పుడు తొందర వద్దు. ఒక్కోసారి 2-3 మి.మీ. లేపి, కొన్ని రోజులు ఆగి, మళ్ళీ లేపాలి. నూరేళ్ళు వాలి నిలబడ్డ తలుపు చట్రాలు ఆ వాలుకే కోసి సరిచేసి ఉంటాయి. మట్టం పెట్టి పూర్తిగా సమం చేస్తే తలుపులన్నీ బిగుసుకుంటాయి. నీళ్ళు పోయేంత, కీలు పట్టేంత సరిచేసి ఆపడం మంచిది.

కిటికీలు

చిన్న చిన్న గాజు పలకల కిటికీలు అందం కోసం కాదు. ఓడలో పెద్ద గాజు పగలకుండా రాదు, చిన్నది చవక. పై రెక్కలో ఆరు, కింది రెక్కలో ఆరు పలకలుంటే చాలావరకు పాతది, తర్వాత పలకలు పెద్దవవుతూ సంఖ్య తగ్గింది. పాత గాజులో వీధి కాస్త అలలుగా కనిపిస్తుంది. ఆ గాజు మళ్ళీ దొరకదు, పగలగొట్టకుండా పుట్టీ తీయడానికి ఎంత సమయం పట్టినా పట్టనివ్వాలి.

పుట్టీ అంటే అవిసె నూనె, సుద్ద పొడి. పాత పుట్టీ తీశాక గాడికి నూనె ప్రైమర్ పట్టించాలి. పట్టించకపోతే ఎండు చెక్క పుట్టీలోని నూనెను పీల్చేస్తుంది, ఏడాదిలో పుట్టీ బీటలిచ్చి రాలుతుంది. కొత్త పలకను గాడి కొలత కన్నా పొడవులోనూ వెడల్పులోనూ 3 మి.మీ. తక్కువగా కోసుకుని, కింద 2 మి.మీ. పుట్టీ పరుపు వేసి నొక్కి, చిన్న మేకులతో నిలిపి, బయట ఏటవాలుగా పుట్టీ లాగాలి. పైన పొర కట్టడానికి రెండు మూడు వారాలు ఆగి రంగు వేయాలి. ఆ రంగు గాజు మీదికి 2 మి.మీ. ఎక్కాలి. పుట్టీకీ గాజుకీ మధ్య నీళ్ళు దిగకుండా ఆపేది ఆ సన్న గీతే. పనివాడు శుభ్రంగా ఉండాలని దాన్ని బ్లేడుతో గీకేస్తే పనంతా వృథా.

కాబ్ గోడ

బంకమన్ను, ఇసుక, గులకరాళ్ళు ఉన్న మట్టిలో గడ్డి కలిపి అడుసు తొక్కి, ముద్దలు ముద్దలుగా వేసి కట్టే గోడ కాబ్. దక్షిణ దీవిలో గడ్డి అంటే కొండ మీది తసక్. పలకల మధ్య మట్టి దంచే పద్ధతి వేరు. రస్సెల్‌లో 1842 నాటి పొంపల్యే భవనం అలా దంచి కట్టిందే. కాబ్‌కు పలకలు అక్కర్లేదు. రాతి పునాది మీద 450 నుంచి 600 మి.మీ. మందాన, ఒక్కో వరస 450-600 మి.మీ. ఎత్తు లేపి, అది ఆరి గట్టిపడ్డాక మీద వరస. అంచులను పదునైన పారతో చెక్కుతారు. నెల్సన్ దగ్గర స్టోక్‌లో 1855 ప్రాంతంలో కట్టిన బ్రాడ్‌గ్రీన్ ఇల్లు చూస్తే కాబ్‌తో రెండంతస్తులు కూడా లేపారని తెలుస్తుంది.

కాబ్ గోడను చంపేది సిమెంటు గిలాబా. మట్టి గోడ రుతువును బట్టి కాస్త సాగుతుంది, కాస్త కుదించుకుంటుంది. సిమెంటు కదలదు, బీటలిస్తుంది. వాననీళ్ళు ఆ బీటలోంచి దిగుతాయి కానీ ఆవిరై బయటికి రాలేవు. గోడ అడుగున తడి పోగవుతుంది. ఒక దశ దాటాక అడుగు భాగం మళ్ళీ అడుసైపోయి, పై గోడ బరువుకు పక్కకు జారుతుంది. బయట గిలాబా నున్నగా ఉండగానే ఇది జరగడమే భయంకరం. గోడ అడుగున ఉబ్బు, గిలాబా తడితే డొల్ల శబ్దం, లోపల గోడ మూలన తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ముందు కప్పు బరువును కర్రలతో ఆనించి పట్టాలి. తర్వాతే గిలాబా తీయాలి, అది కూడా ఒకేసారి మొత్తం కాదు, మీటరు వెడల్పు ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి. తడి గోడ ఆరడానికి నెలలు పడుతుంది, హీటరు పెట్టి తొందర చేస్తే పగుళ్ళు. ఆరాక గుంతలను తడి అడుసుతో నింపే తప్పు చాలామంది చేస్తారు. లోతైన గుంతలో తడి అడుసు ఆరుతూ కుదించుకుని పాత గోడ నుంచి విడిపోతుంది. అదే మట్టితో ముందుగా ఇటుకలు పోసి, పూర్తిగా ఆరనిచ్చి, గుంతను పలకగా చెక్కి, పల్చటి మట్టి అడుసుతో పేర్చాలి.

మట్టి సరైనదో కాదో సీసాలో తెలుస్తుంది. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టాలి. నిమిషంలో ఇసుక దిగుతుంది, గంటో రెండు గంటలకో ఒండ్రు, మర్నాటికి బంకమన్ను. బంకమన్ను ఐదో వంతు ప్రాంతంలో ఉంటే మంచిది. మరీ ఎక్కువైతే పగుళ్ళు, తక్కువైతే గోడ పొడిపొడిగా రాలుతుంది. కొలతలన్నిటికన్నా, పాత గోడ నుంచి రాలిన మట్టినే నానబెట్టి మళ్ళీ వాడుకోవడం మేలు.

పైన మట్టి పూతో సున్నపు పూతో వేసి, వెల్ల వేయాలి. పాల లాంటి పల్చటి వెల్ల ఐదారు చేతులు, ప్రతిసారీ గోడ ముందు తడిపి. చిక్కగా ఒకటి రెండు చేతులతో ముగిస్తే పెచ్చులూడుతుంది. ప్లాస్టిక్ రంగు వద్దు, సిమెంటు వద్దన్న కారణమే దీనికీ.

పొగగొట్టాలకూ ఇదే సూత్రం. ఇటుకల సందుల్లో చెయ్యిరంపం, సన్న ఉలితో సందు వెడల్పుకు రెండింతల లోతు తీసి, తడిపి, ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్ళు ముతక ఇసుక కలిపి నింపి, తడి గోనె పట్టా కప్పి కొన్ని రోజులు ఆరిపోకుండా చూడాలి. 5 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే పని ఆపాలి. ఒటాగోలో చలి మొదలయ్యే ఏప్రిల్ తర్వాత సున్నం పని పెట్టుకోకపోవడమే మంచిది. భూకంపం సంగతి వేరే. 2010, 2011 కాంటర్‌బరీ భూకంపాల్లో కప్పు పైకి నిలిచిన ఇటుక పొగగొట్టాలు ఇళ్ళ మీద కూలాయి. కప్పు పైభాగం కొలతలు, ఫోటోలు తీసి, విప్పి, లోపల ఇనప చట్రం మీద పల్చటి ఇటుక పెచ్చులతో అదే రూపం మళ్ళీ లేపితే చూడ్డానికి తేడా ఉండదు, కింద పడుకున్నవాళ్ళకు ప్రాణభయం ఉండదు. ఇలాంటి చోట పాత ఇటుకే ఉండాలని పట్టుబట్టడం నాకు సమ్మతం కాదు.

అనుమతుల గురించి క్లుప్తంగా. 2014 హెరిటేజ్ న్యూజిలాండ్ పౌహెరె తాఒంగ చట్టం ప్రకారం 1900కు ముందు మనుషులు మసలిన చోటు పురావస్తు స్థలం కావచ్చు. ఉన్న ఇంటికి మరమ్మతు చేయడానికి ఆ చట్టం కింద అనుమతి అక్కర్లేదు, ఇంటిని పూర్తిగా పడగొట్టాలంటే కావాలి. చాలామంది చిక్కుల్లో పడేది నేల తవ్వే దగ్గర. పాత బావి, చెత్తగుంత, మరుగుదొడ్డి గుంత తగిలే అవకాశం ఉంటే కాలువ తవ్వే ముందే అనుమతి తీసుకోవాలి. జాతీయ వారసత్వ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఇంటికి రక్షణ వచ్చేసినట్టు కాదు. స్థానిక కౌన్సిల్ ప్రణాళికలో ఇల్లు నమోదై ఉందా, ఉంటే బయటి గోడలకేనా, లోపలికి కూడానా అన్నదే పనిని తేలుస్తుంది. కౌన్సిల్‌కు ఫోన్ చేసి అడిగితే చెబుతారు.

కొత్తగా అతికిన ప్రతి ముక్కకూ ప్రైమర్ ఆరాక, గోడలోకి వెళ్ళే వెనక ముఖం మీద మెత్తటి పెన్సిలుతో ఏడాది రాయండి. బయటి నుంచి కనిపించదు, చెక్క ఉన్నన్నాళ్ళు చెరగదు. మళ్ళీ ఎవరో ఆ చెక్క విప్పి దీపం పక్కగా పట్టి చూసేటప్పుడు, ఇది ఎప్పటిదో వాళ్ళు ఊహించుకోనక్కర్లేదు.